పందిచేపల బక్కయ్య పంపిన క్యాసెట్లు

కామాటిపుర పదకొండో గల్లీలో బక్కయ్య ఇల్లు ఏదని అడిగితే ముగ్గురు బక్కయ్యల ఇళ్లు చూపిస్తారు. పందిచేపల బక్కయ్య అంటే మాత్రం ఒక్కడే. వరసగా ఒంటి గదులున్న చాల్‌లో, రెండో అంతస్తులో చివరి ఖోలీ. తలుపు మీద తెల్ల రంగుతో 'ఇది సంసారుల ఇల్లు' అని మరాఠీలో రాసి ఉంటుంది. సానికొంపలున్న ఆ చుట్టుపక్కల ఆ రాత లేకపోతే దారి తప్పిన మగవాళ్లు తలుపు కొడతారు. రాత ఉన్నా కొందరు కొడతారు. చదువు రానివాళ్లకు బక్కయ్య భార్య గంగాబాయి చీపురుతో చదివి వినిపిస్తుంది.

బక్కయ్య ఒక కాలేజీలో ప్యూను. సముద్రపు జంతువుల మీద పరిశోధన చేసే మేడమ్ దగ్గర సీసాలు కడగడం, పెట్టెలు మోయడం, వారానికి మూడు రోజులు ఆమెతో వర్లి రేవు నుంచి నావ ఎక్కడం అతని పని. గల్లీవాళ్లు పందిచేపలనే డాల్ఫిన్ల మాటలు మేడమ్ రికార్డు చేస్తుంది. ఈ సంగతి చాల్‌లో తెలిసినప్పుడు పెద్ద గౌరవమే దక్కింది. గణపతి పండుగ రోజుల్లో అందరూ వరండాలో కూర్చుని, "ఏదీ, ఆ పందిచేప ఎట్ల మాట్లాడతదో ఒక్కసారి జేసి జూపియ్యి కాకా" అని పట్టుబట్టారు. బక్కయ్య గొంతు సవరించుకుని, పెదాలు బిగించి, ఊపిరంతా కూడగట్టి ఈల వేశాడు. ఈల రాలేదు. పై వరస కట్టుడు పళ్లు మాత్రం ఎగిరివెళ్లి నల్లా కింద ఇరుగింటి పెంటమ్మ పెట్టిన బిందెలో పడ్డాయి. పెంటమ్మ ఆ బిందెను మూడుసార్లు చింతపండుతో తోమింది, మూడు నెలలు వాళ్లతో మాట్లాడలేదు. గౌరవం పోయి పేరు మిగిలింది.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. అది చాల్‌కు తెలియదు. ఆరేళ్లుగా నావ ఎక్కుతున్నా, ఎక్కిన ప్రతిసారీ బక్కయ్య వాంతి చేసుకుంటాడు. నావ నడిపే కోళీ జాలరి తాండేల్ చుక్కాని దగ్గర నుంచి, "కాకా, ఇవాళ చేపలకేం పెడుతున్నావ్? నిన్నటి పప్పేనా?" అని మరాఠీలో అరుస్తాడు. నిమ్మకాయ ముక్క చప్పరిస్తూ బక్కయ్య పట్టించుకోనట్టు కూర్చుంటాడు. మేడమ్ ఒకసారి "నీ ఇల్లెక్కడ?" అని అడిగితే "బొంబాయి సెంట్రల్ వైపు" అన్నాడు. కామాటిపుర అనగానే ఎదుటివాళ్ల కనుబొమలు ఏం చేస్తాయో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. తాత ముత్తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరికి రాళ్లు మోశారు, గోడలు లేపారు. గల్లీకి మిగిలింది ఆ కనుబొమలు.

అయినా సముద్రం మీద చెవులకు టోపీలాంటి యంత్రం తగిలించుకుని కూర్చుంటే బక్కయ్య అన్నీ మరిచిపోయేవాడు. నీళ్లలోకి దింపిన మైకు నుంచి ముందు నూనె మరుగుతున్నట్టు చిటపటలు వినిపిస్తాయి. వాటి మధ్యలోంచి సన్నగా ఒక ఈల పైకి లేచి, వంగి, మళ్లీ లేస్తుంది. దూరం నుంచి ఇంకొకటి జవాబిస్తుంది.

"అవి చేపలు కావు బక్కయ్యా" అని మేడమ్ మొదటి ఏడాదే చెప్పింది. "మనలాగే పిల్లను కని పాలు పడతాయి. ఊపిరికి పైకి రావాలి. కొత్తగా పుట్టిన పిల్ల పైకి రాలేకపోతే తల్లి ముట్టెతో నెడుతుంది. పక్కన ఒకటో రెండో ఆడవి తోడుంటాయి. తల్లి వేటకు పోతే పిల్లను అవి చూసుకుంటాయి."

"అత్తలా పిన్నులా మేడమ్?"

"అదే కనుక్కోవాలి. ఇంకొకటి చెప్పనా? ఒక్కొక్కదానికీ ఒక్కొక్క ఈల. బయటి దేశాల్లో చూశారు, మన దగ్గర ఇంకా తేలాలి. గుంపులోంచి తప్పిపోతే ఎవరినో పిలవడం కాదట, ఎక్కువగా తన ఈలే తాను వేస్తుందట. నేను ఫలానా, ఇక్కడున్నా అని."

బక్కయ్యకు నవ్వొచ్చింది. "మా వాళ్లు క్యాసెట్లు పంపుకున్నట్టే మేడమ్."

పాలమూరు నుంచి పనికి వచ్చే కూలీలకు ఉత్తరం రాయడం రాదు, రాయించుకుంటే మనసులో మాట చెప్పడం కుదరదు. అందుకని ఆ ఏళ్లలో క్యాసెట్ల మీద మాట్లాడి, ఊరికి పోయే బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేవారు. అవతల ఊళ్లో టేపురికార్డర్ ఉన్న ఇంట్లో నలుగురూ కూర్చుని వినేవారు. ప్రతివాడూ ముందు తన పేరే చెప్పేవాడు. కన్నతల్లికి కొడుకు గొంతు తెలియదా? అయినా చెప్పేవాడు.

బక్కయ్య మేనల్లుడు సైదులు కూడా అంతే. "అమ్మా, నేను సైదుల్ని."

బక్కయ్య అక్క నర్సమ్మ పుట్టింది ఈ గల్లీలోనే. మక్తల్ పక్క ఊరికి ఇచ్చారు. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు. ఎనభై అయిదులో దసరా వెళ్లాక పెద్దయ్య మేస్త్రీ ముఠాతో సైదులు బొంబాయి వచ్చాడు, వానలకు ఊరికి పోయి, మరుసటి ఏడాది దసరాకు మళ్లీ వచ్చాడు. ముఠావాళ్లు పని దగ్గరే తడకల కింద ఉంటే, ఇతను మాత్రం ఆదివారాలు మేనమామ ఇంటికొచ్చి తలకు నూనె పెట్టించుకుని, అత్త చేతి జొన్నరొట్టె తిని, క్యాసెట్ నింపేవాడు. ఒక్కసారికి కుదిరేది కాదు. మొదలుపెట్టగానే నవ్వొచ్చేది, దగ్గొచ్చేది, చెప్పాల్సింది మరిచిపోయేవాడు.

"ఆపు మామా, ఆపు. మళ్ల జేస్త."

"ఎన్నిసార్లు జేస్తవ్ రా? మా పందిచేపలే నయం, ఒక్క మాటల జెప్పి పోతయ్."

"అవి వాళ్లమ్మకు పైసలు పంపుతయా మామా? నాకు జెప్పనీకె మస్తుంటది."

పాడైన ఆ ప్రయత్నాలన్నీ కాలేజీలో పారేసిన టేపుల మీద ఉండేవి. బాగా వచ్చిన దాన్ని బక్కయ్య కొత్త క్యాసెట్‌కు ఎక్కించేవాడు. ఒక యంత్రం నుంచి ఇంకొకదానికి ఎక్కించడం, ముక్కకు ముక్క అతికించడం మేడమ్ దగ్గరే నేర్చుకున్నాడు.

సైదులు పనిచేసే కట్టడం వర్లిలో సముద్రానికి ఎదురుగా ఉండేది. ఆరో అంతస్తు పరంజా మీద నుంచి నావ కనిపిస్తే ఎర్ర తువ్వాలు ఊపేవాడు. బక్కయ్య నిమ్మకాయ ముక్క చప్పరిస్తూనే చెయ్యెత్తేవాడు. కార్తీకంలో ఒక బుధవారం మైకులో ఈలలు బాగా వస్తున్నాయి. బక్కయ్య కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆ రోజు ఒడ్డు వైపు చూడనేలేదు. మధ్యాహ్నం రేవులో దిగేసరికి పెద్దయ్య మేస్త్రీ తడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఎర్ర తువ్వాలుంది.

పరంజా వెదురు కట్టు ఊడింది. అంతకుమించి చెప్పేందుకేమీ లేదు.

ఆ వారమే నర్సమ్మ పెద్దాసుపత్రిలో కడుపు కోయించుకుని పడుకుని ఉంది. గర్భసంచి తీసేశారు. ఊరి నుంచి వచ్చిన కబురు అదే. కుట్లు ఆరకముందే ఈ మాట ఎట్లా చెప్పడం? బక్కయ్య, గంగాబాయి, పెద్దయ్య ఖోలీలో తలుపేసుకుని కూర్చున్నారు.

"కుట్లిప్పినాంక జెప్దాం" అన్నాడు బక్కయ్య.

"అదే మంచిది బావా" అన్నాడు పెద్దయ్య. అతని భయం అతనికుంది. ముఠాలో మనిషి పోయాడని ఊళ్లో తెలిస్తే మరుసటి ఏడు ఎవరూ అతని వెంట రారు. ముఠా చేత ఎల్లమ్మ మీద ఒట్టు వేయించాడు. చాల్ చేత బక్కయ్య వేయించాడు.

ఒట్టు వేశాక ఒక చిక్కు వచ్చింది. ఏడిస్తే గల్లీకి తెలుస్తుంది. గల్లీకి తెలిస్తే బస్సు డ్రైవర్‌కు తెలుస్తుంది. బస్సుతోపాటే ఊరికి చేరుతుంది. అందుకని సైదులుకు ఎవరూ శోకం పెట్టలేదు. పాలమూరు మనిషి పోతే ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాడి పుట్టుక నుంచీ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. అది లేకుండా శవం లేవదు. సైదులు శవం ఆసుపత్రి నుంచి నేరుగా కాటికి పోయింది. గంగాబాయి కొంగు నోట్లో కుక్కుకుని గోడకేసి కూర్చుంది. ఆ సాయంత్రం పెంటమ్మ తలుపు దాకా వచ్చి, వెనక్కి వెళ్లిపోయింది.

మొదటి క్యాసెట్ విషయంలో బక్కయ్య అబద్ధమాడాడని అనలేం. అంతకు ముందు ఆదివారం సైదులు మాట్లాడి పెట్టిపోయిందే అది. 'అమ్మా, నేను సైదుల్ని, మంచిగున్న, నువ్వు పానం జూస్కో' అని ఉంది. దాన్ని ఆపితే అక్క కంగారు పడుతుందని పంపాడు. పదిహేను రోజులకు జవాబొచ్చింది.

"కొడుకా సైదులూ, నేను మీ అమ్మను, నర్సమ్మను. కుట్లిప్పిన్రు. నీ మాట విన్నంక రెండు ముద్దలు ఎక్కువ తిన్న. కల్లు దుకాణం వెంకటయ్య ఇంట్ల మూడుసార్లు ఏపిచ్చుకుని విన్న. వాని పెండ్లాం మొఖం మాడ్చుకుంది, మాడ్చుకోనీ. మళ్ల తొందరగ పంపు."

రెండు ముద్దలు ఎక్కువ తిన్నదట. ఇప్పుడెట్లా చెప్పడం? ఇంకొక్కటి పంపి, ఒంట్లో బలం వచ్చాక చెప్పాలనుకున్నాడు. పాడైపోయిన టేపులు మూడున్నాయి. సాయంత్రాలు కాలేజీలో సీసాలు కడగడం అయ్యాక, రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టుకుని, ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క ఏరి అతికించాడు. పని కుదిరింది. కుదిరినందుకు ఒక్క క్షణం సంతోషించాడు కూడా. ఆ సంతోషం తలుచుకుని తర్వాత చాలా ఏళ్లు తన మీద తనకే రోత పుట్టేది.

"ఇది మంచిగ లేదు" అంది గంగాబాయి. "దినాలు అయిపాయె. పిట్టకు ముద్ద మనమే పెట్టినం. ఆమెను కొడుక్కు ఒక్క ముద్ద పెట్టనియ్యకపోతిమి."

"జెప్త అంటున్న గద."

"ఎప్పుడు? వాని పెండ్లి జేసినంకనా?"

రెండో క్యాసెట్ పోయింది. తర్వాత మూడోది. నర్సమ్మ జవాబులు మారుతూ వచ్చాయి. "నేనడిగింది ఒకటి, నువ్వు జెప్పేది ఒకటి కొడుకా. బర్రె ఈనిందని జెప్తి, దూడ ఏందని గూడ అడగకపోతివి." తర్వాత ఫిబ్రవరిలో వచ్చినదాంట్లో ఆమె గొంతు సన్నబడింది. "ఆ దగ్గేంది బిడ్డా? రెండు క్యాసెట్ల అదే దగ్గు. నాకు నిద్ర వడ్తలేదు. శివరాత్రి ముందటి సోమారం బస్సుకొస్తున్న. నిన్ను దవాఖానల నేనే జూపిస్త."

కొడుకు బతికున్నాడని నమ్మించేందుకు వాడిన దగ్గే ఆమెను బస్సెక్కించింది.

బక్కయ్య ముఠా దగ్గరికి పరుగెత్తాడు. ముఠావాళ్లొక ఉపాయం చెప్పారు: సైదులు దుబాయి పోయాడందాం. దుబాయి పోయినవాడు రెండేళ్ల దాకా రాడు. కానీ ఆ మాట సైదులు నోటితో రావాలి గదా. మూడు టేపులూ తిరగేసినా సైదులు ఎక్కడా దుబాయి అనలేదు. అప్పుడు అదే అంతస్తులో ఉండే దర్జీ ఎల్లయ్యను పిలిచారు. అతను శనివారం భజనలో పాడతాడు, ఎవరి గొంతైనా దించుతానంటాడు. ఎల్లయ్య మెడకు మఫ్లర్ చుట్టుకుని, సైదులు టేపు రెండుసార్లు విని, మైకు ముందు కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా... నేనూ... సైదుల్నీ... దుబాయికీ..."

ఎంత ఆపుకున్నా భజన రాగం వచ్చేసింది. పెద్దయ్య ఫక్కున నవ్వాడు. "ఏందిర బై, దేవుడు దుబాయి పోతున్నట్టుంది!" గంగాబాయికి కూడా నవ్వొచ్చింది. మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. లేచి వచ్చి టేపురికార్డర్ వైరు పీకేసింది.

"చచ్చినోని నోట్ల ఇంకొకని మాటలు పెడ్తరా? మీరు మనుషులేనా?"

ఎల్లయ్య మఫ్లర్ విప్పుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు.

ఇక సోమవారానికి మూడు రోజులే ఉన్నాయి.

ఆ శనివారం నావ మీద మేడమ్ ఒక కొత్త యంత్రం తెచ్చింది. నీళ్లలోకి దింపి శబ్దం వినిపించే స్పీకరు. ఆమె ఏడాదిగా వెంటాడుతున్న గుంపులో ఒక తల్లి ఉంది. వీపు మీది రెక్క చివర తెగి ఉంటుంది కనుక గుర్తుపట్టడం తేలిక. జనవరిలో దాని పిల్ల వలలో చిక్కింది. తాండేల్ వల కోసి విడిపించేదాకా అరగంట సేపు ఆ పిల్ల నావ పక్కనే ఉండి ఒకటే ఈల వేసింది. లేచి, వంగి, చివర రెండుసార్లు తెగే ఈల. మేడమ్ దాన్నంతా రికార్డు చేసింది. ఆ రోజు పిల్ల బతికి తల్లి దగ్గరికి పోయింది. మూడు వారాలకు ఇంకొక వలలో పడి చచ్చిపోయింది.

తల్లి దాన్ని వదల్లేదు. ఆ వారం మేడమ్ రోజూ నావ ఎక్కింది. నాలుగు రోజులు ముట్టె మీద మోసింది. జారిపోతే మునిగి మళ్లీ ఎత్తేది. తోలు ఊడిపోయి, పిల్ల అని చెప్పేందుకు వీల్లేని ముద్దగా మారినా మోసింది. రెండు ఆడవి దాని చెరోపక్కా ఈదాయి. వేటకు పోవాల్సిన గుంపు దాని నడకకు తన నడక తగ్గించుకుంది. అయిదో రోజు ముట్టె మీద ఏమీ లేదు. బక్కయ్య ఆ నాలుగు రోజులూ వాంతి చేసుకోలేదు. అతనికది గుర్తే రాలేదు.

"పిల్ల గొంతును తల్లి పోల్చుకుంటుందా లేదా, ఇవాళ తెలుస్తుంది" అంది మేడమ్. ఆమె కఠినురాలేమీ కాదు. ఇంటికి పోతూ బక్కయ్యను ఒంట్లో ఎట్లా ఉందని అడిగి మరీ నిమ్మకాయలు కొనిపెట్టే మనిషే. "స్పీకరు దింపు."

బక్కయ్య తాడు వదిలాడు. టేపు తిరిగింది.

గుంపు దూరంగా ఉంది. మొదటి ఈలకు ఏమీ కాలేదు. రెండో ఈలకు నీళ్ల మీద తెగిన రెక్క కనిపించింది. మూడోదానికి అది నావ వైపు తిరిగింది. బక్కయ్య చెవుల్లో తల్లి ఈల వినిపించింది. ఆరేళ్లలో ఎన్నడూ అంత దగ్గరగా, అంత గబగబా వినలేదు. తన ఈల తాను వేస్తూ వచ్చింది. నేను మీ అమ్మను, నేను మీ అమ్మను అన్నట్టు. స్పీకరు చుట్టూ ఒకసారి తిరిగింది. ముట్టె ఆనించింది. అప్పుడు బక్కయ్య చేతిలో తాడు వదులైంది.

కింద బరువు లేదు. అది స్పీకరును పైకి నెడుతోంది.

ఊపిరాడడం లేదనుకుంది. ఇనుప డబ్బాను ముట్టె మీద పెట్టుకుని నీళ్ల పైకి తెచ్చింది. ఒక్క క్షణం ఆగింది. డబ్బా జారింది. మళ్లీ మునిగి, మళ్లీ తెచ్చింది. తోడుండే ఆ రెండు ఆడవీ వచ్చి చెరోపక్కా నిలబడ్డాయి. స్పీకరును అవి ముట్టుకోలేదు. తల్లి వీపునే రాసుకుంటూ ఉన్నాయి.

"అబ్బా!" అంది మేడమ్, పుస్తకంలో రాసుకుంటూ. "బక్కయ్యా, ఇంకొక్కసారి. మొదటి నుంచి."

బక్కయ్య టేపు మీద చెయ్యి పెట్టాడు. వెనక్కి తిప్పలేదు. వైరు పీకేశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"దాని పిల్ల చచ్చిపోయింది మేడమ్. నాలుగు రోజులు మోసి, అదే వదిలేసింది. దానికి తెలుసు. ఇప్పుడు మనం దానికి చావలేదంటున్నం." వైరు చేతికి చుట్టుకున్నాడు. "ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి. నా చేతుల్తో నేను మళ్ల వెయ్యలేను."

తాండేల్ చుక్కాని పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. మేడమ్ కలం మూత పెట్టింది.

"తాడు లాగు" అంది చివరికి.

టేపు ఆగినా తల్లి పోలేదు. నావ కదిలాక కూడా ఆ చోటనే తిరుగుతూ ఈల వేస్తూ ఉంది. రేవు కనిపించేదాకా బక్కయ్య చెవుల యంత్రం తియ్యలేదు. విన్నాడు. వినడం ఆపే ధైర్యం లేకపోయింది.

ఇంటికి వచ్చి గంగాబాయితో ఒక్క మాటే అన్నాడు. "అక్కకు జెప్పేస్త."

"నాలుగు నెలలాయె" అంది ఆమె.

సోమవారం పొద్దున నర్సమ్మ బస్సు దిగింది. మనిషి సగమైంది. చంకలో మూట. తమ్ముడి భుజం మీదుగా వెనక వెతికింది.

"వాడేడి?"

"ఇంటికి పోదాం పా అక్కా." బక్కయ్య మూట అందుకున్నాడు.

"పనిలున్నడా?"

"పా."

నడక ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నోరు ఊరుకుంటే ఏం బయటపడుతుందోనని బక్కయ్య దారంతా చూపించడం మొదలుపెట్టాడు. అది ఇరానీ హోటలు, ఇది రెండంతస్తుల బస్సు, అదిగో సినిమా టాకీసు.

"నేను పుట్టింది ఇక్కడ్నే గదరా బక్కిగా" అంది నర్సమ్మ. "నాకు జూపిస్తున్నవా బొంబాయి?" నవ్వి, వెంటనే నవ్వు ఆపి అతని మొహంలోకి చూసింది. నడక వేగం చేసింది.

చాల్ మెట్లెక్కుతుంటే తలుపులన్నీ సగం తెరుచుకున్నాయి. ఎవరూ పలకరించలేదు. ఖోలీలో చాప మీద కూర్చోబెట్టి, గంగాబాయి నీళ్ల చెంబు ఇచ్చేలోపే బక్కయ్య చెప్పేశాడు. ఎట్లా మొదలుపెట్టాలో పది విధాలుగా అనుకున్నాడు. అవేవీ నోటికి రాలేదు.

"అక్కా, సైదులు లేడు. కార్తీకంలనే పోయిండు. పరంజా మీదికెల్లి పడ్డడు."

నర్సమ్మ అతని వంక చూస్తూనే ఉంది. "మొన్న క్యాసెట్టు పంపిండు గదా" అంది నెమ్మదిగా, పిల్లాడికి నచ్చజెప్పినట్టు.

"నేను పంపిన. పాత మాటలు అతికిచ్చి నేనే పంపిన."

ఇక ఆపలేకపోయాడు. ఆసుపత్రి, ఒట్లు, టేపులు, ఎల్లయ్య, నావ, పందిచేప తల్లి, ఇనుప డబ్బా, అన్నీ చెప్పాడు. ఎందుకు చెబుతున్నాడో అతనికే తెలియదు.  అంతా అయ్యాక నర్సమ్మ ఒకటే అడిగింది.

"వానికి ఎవరేడ్చిన్రు?"

గంగాబాయి చెంబు కింద పెట్టింది.

"శోకం ఎవరు వెట్టిన్రు రా? నేను లేకపోతిని. ఎవరో ఒకరు పెట్టే ఉంటరు గదా. ఇంతమంది ఆడోళ్లున్న చాల్ ఇది. నేను పుట్టిన చాల్ ఇది."

"ఎవ్వరూ ఏడ్వలె వదినా" అంది గంగాబాయి. "ఏడ్వనియ్యలె."

నర్సమ్మ లేచింది. వరండాలోకి వెళ్లి, గోడకానుకుని నేల మీద కూర్చుంది. ఆడవాళ్లు తమ తమ గడపల దగ్గర నిలబడ్డారు. తల్లి ఎత్తుకోకుండా శోకం ఇంకొకరు ఎత్తుకోకూడదు. తల్లికేమో గొంతు రావడం లేదు. నోరు తెరుస్తుంది, గాలి వస్తుంది. చివరికి పెంటమ్మ వచ్చింది. బిందె గొడవ నుంచి ఈ ఇంటి గడప తొక్కని మనిషి. నర్సమ్మ పక్కన కూలబడి మెడ చుట్టూ చెయ్యి వేసి, "వాడు నా నల్లా దగ్గర నీళ్లు పట్టిచ్చేటోడమ్మా, బిందె వాడే ఎత్తేటోడమ్మా" అని మొదలుపెట్టింది. అప్పుడు నర్సమ్మ గొంతు లేచింది. నాలుగు నెలలు ఆపి ఉంచినదంతా ఆ వరండాలో ఒక్కసారిగా లేచింది. గల్లీలో పోయేవాళ్లు ఆగి పైకి చూశారు.

బక్కయ్య దగ్గరికి పోబోయాడు. అక్క చెయ్యెత్తి ఆపింది. వెనక్కి వచ్చి మెట్ల మీద మగవాళ్ల మధ్య నిలబడ్డాడు. చేతుల్లో ఆమె మూట అట్లాగే ఉంది. దాంట్లోంచి నువ్వుల రొట్టెల వాసన వస్తోంది. ఎక్కడ దించాలో తెలియలేదు. ఎవరినీ అడగలేకపోయాడు. కాళ్లు పీకేదాకా పట్టుకునే ఉన్నాడు.

నర్సమ్మ పదకొండు రోజులుంది. దినం తన చేత్తో మళ్లీ చేసింది. తమ్ముడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అతను ఎదురుగా ఉన్నా, "మీ ఆయన్ను జరుగుమను" అని గంగాబాయితో చెప్పేది. పెద్దయ్యను వెంటబెట్టుకుని కొడుకు పడిన చోటు చూసేందుకు వర్లి పోయింది. కట్టడం అప్పటికి తొమ్మిదంతస్తులయింది, కింద సున్నం కూడా వేశారు. లోపలికి రానివ్వనని కాపలావాడు అన్నాడు. రోడ్డు అవతల నిలబడి చూసి, వెనక్కి తిరిగి కాసేపు సముద్రం వైపు చూసి వచ్చేసిందని పెద్దయ్య చెప్పాడు. మరుసటి ఏడు ఆ ముఠాలోకి ఆ ఊరివాళ్లెవరూ రాలేదు.

బస్సెక్కించే రోజు బక్కయ్య సంచి మోసుకుని వెనక నడిచాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అతను సంచి పైన పెట్టి కింద నిలబడ్డాడు. డ్రైవర్ బస్సు స్టార్ట్ చేశాడు. అప్పుడు నర్సమ్మ కిటికీలోంచి, పదకొండు రోజుల్లో మొదటిసారి, అతనితో మాట్లాడింది.

"ఆ పందిచేప తల్లి. ఇంకా అట్లనే తిరుగుతున్నదా?"

బక్కయ్యకు ప్రాణం లేచొచ్చింది. "తిరుగుతున్నది గానీ ఒక్కతి లేదక్కా. దాని పక్కన తోడున్నయ్. విడిచిపెడతలేవు."

"ఉంటయి" అంది నర్సమ్మ. "దానికి తమ్ముడు లేడు గదా."

బస్సు కదిలింది. బక్కయ్య పక్కనే నాలుగడుగులు నడిచాడు. పైన పెట్టిన సంచి సరిగ్గా లోపలికి నెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. కానీ కిటికీ దాటిపోయింది.